కోనసీమలో ఒక మాస్టారి ఇంటి మ్యూజియం: వెళ్ళొచ్చా, అక్కడ చెప్పేవి నమ్మొచ్చా?

మీ ప్రశ్నని ముందు కుదించి రాస్తాను, తర్వాత చదివేవాళ్ళకి తేలిగ్గా ఉంటుంది. హైదరాబాద్ నుంచి అమ్మగారితో, ఇద్దరు పిల్లలతో గోదావరి జిల్లాలకి వస్తున్నారు. అమలాపురం వైపు ఒక రిటైర్డ్ మాస్టారు తన మండువా ఇంట్లో పాత సామాను, వింత వస్తువులు పేర్చి, వచ్చినవాళ్ళకి కథలు చెబుతూ చూపిస్తారని ఎవరో చెప్పారు. ఒక పూట పెట్టదగ్గదేనా? ఆయన చెప్పేవి నిజమేనా? మీ తాతగారి ఇంట్లో మిగిలిన తాళపత్రాలు, ఇత్తడి సామాను ఆయనకి ఇచ్చేయొచ్చా?

వెళ్ళండి. పూట కాదు, రోజంతా పెట్టుకోండి. ఆయన చెప్పేవన్నీ నమ్మనక్కర్లేదు గానీ ఒక్కటి కూడా వదలకుండా వినండి. తాళపత్రాలు మాత్రం తొందరపడి ఇవ్వకండి, ఆ సంగతి చివర్లో చెబుతాను.

నేను మ్యూజియంలలో వస్తువుల జాబితాలు రాసే ఉద్యోగం చేసి రిటైరయ్యాను. ఇప్పుడు డెల్టాలో ఇలాంటి ఇళ్ళకి వెళ్ళి, ఇంటివాళ్ళు సరేనంటే వాళ్ళ సేకరణకి ఒక నోటు పుస్తకం రాసిపెడుతుంటాను. మీరు అడిగిన మాస్టారి పేరు, ఊరు ఇక్కడ రాయను, ఇల్లు ఆయనది కదా. కానీ ఇలాంటి ఇళ్ళన్నీ ఇంచుమించు ఒకే తీరులో ఉంటాయి. అరుగు మీద తిరగళ్ళు, రుబ్బురోళ్ళు. మండువా చుట్టూ భోషాణాలు, మేనా బొంగు, ఏతం తాలూకు బాన. గోడకి కోడికత్తులు, అడకత్తెరలు. అద్దాల బీరువాలో నాణేలు, తాయెత్తులు, సున్నపుకాయలు, గవ్వలు. ఒక మూల ఏమిటో తెలియని ఎముక. దానికి మాత్రం ఏ ఇంట్లో చూసినా రాక్షసుడి పేరే ఉంటుంది.

అక్కడ మీరు పట్టుకోవాల్సింది ఒక్కటే: వస్తువు వేరు, దాని మీద కథ వేరు. రెండూ చూడదగ్గవే. ఒకటి నిజమైనంత మాత్రాన రెండోది నిజమైపోదు, కథ అబద్ధమైనంత మాత్రాన వస్తువు పనికిరానిదీ కాదు.

ఒక ఇంట్లో ఇనుప పట్టీలు బిగించిన కుంచం, అంటే గింజలు కొలిచే పాత్ర, ఉంది. జమీందారు గారి దొంగ కుంచం అని దానికి పేరు. రైతుకి విత్తనాలు అప్పిచ్చేటప్పుడు దీంతో కొలిచి, వసూలు చేసేటప్పుడు వేరే పెద్ద కుంచం బయటికి తీసేవారట. చూసినవాళ్ళంతా అయ్యో పాపం అని ముందుకి కదిలిపోతారు. పెద్దాయన ఒప్పుకుంటే వాళ్ళ ఇంట్లోని మానిక తెప్పించి బియ్యంతో కొలిచి చూశాం. నాలుగు మానికలు ఒక కుంచం అన్నది మన లెక్క. నాలుగో మానిక పోస్తుండగానే కుంచం నిండిపోయి, సోలెడు బియ్యం మిగిలాయి. బోర్లించి చూస్తే అడుగు రేకు లోపలికి ఉబ్బి ఉంది. దాని మీద సుత్తి దెబ్బల గుంటలు, ఒకదాని పక్కన ఒకటి, గుండ్రంగా అంచు దాకా. చేయి జారి కింద పడితే పడే సొట్ట అలా ఉండదు.

సరే, ఏం తేలింది? ఈ కుంచం తక్కువ పడుతుంది, ఎవరో కావాలనే కొట్టారు. అంతవరకే. కొట్టించింది జమీందారో, ఆయన గుమస్తానో, సంతలో గింజలు అమ్ముకునేవాడో కుంచం చెప్పదు. పైగా 1956లో కొలతల చట్టం వచ్చి మెట్రిక్ పద్ధతి అమలయ్యేదాకా మన దగ్గర కుంచం ఊరికో రకంగా ఉండేది. కాబట్టి ఒట్టి కొలత తగ్గినంత మాత్రాన మోసం అనడానికి లేదు. ఆ సుత్తి దెబ్బలు లేకపోతే నేను దాన్ని పొరుగూరి కుంచం అని రాసి ఊరుకునేవాణ్ణి. ఇక కథంటారా, ఇదే కథ నేను డెల్టాలో చాలాచోట్ల విన్నాను. జమీందారు పేరు మారుతుంది, కుంచం మారుతుంది, మిగతాదంతా అదే. కౌలు రైతులు తరాలుగా చెప్పుకున్న కడుపుమంట అది, వాళ్ళు చెప్పుకున్నారన్నది మాత్రం ఖాయం. అందుకే నా నోటు పుస్తకంలో పేజీకి రెండు భాగాలు ఉంటాయి. ఎడమవైపు కొలత, బరువు, సొట్ట. కుడివైపు కథ, అది ఎవరు చెప్పారో. మీ పిల్లలకి కూడా ఒక నోటు పుస్తకం ఇచ్చి ఇలాగే రాయమనండి. ఫోన్ అడగరు, నాది గ్యారంటీ.

నాణేల బీరువా దగ్గర కొంచెం జాగ్రత్త. ఒకవైపు హనుమంతుడో, రాముడి పట్టాభిషేకమో ఉండి, రెండోవైపు ఈస్టిండియా కంపెనీ, అర్ధణా, 1818 అని ఉన్న రాగి బిళ్ళ ఒకటి దాదాపు అన్ని ఇళ్ళలోనూ కనిపిస్తుంది. కంపెనీ వాళ్ళు మన దేవుళ్ళకి భయపడి ముద్రించారని, లక్షలు పలుకుతుందని చెబుతారు. అది కంపెనీ నాణెం కాదు. తీర్థాల్లో, యాత్రాస్థలాల్లో అమ్మే బిళ్ళ, తర్వాతెప్పుడో తయారైనది. మాస్టారితో మాత్రం వాదన పెట్టుకోకండి. ఎందుకంటే ఆయన మాటకి ఒక మూలం ఉంది: 1800 తర్వాత తొలి ఏళ్ళలో మద్రాసులో కంపెనీ వేయించిన వరహాల మీద నిజంగానే గుడి గోపురం, విష్ణువు ఉంటారు, చుట్టూ తెలుగు, తమిళ అక్షరాలు కూడా ఉంటాయి. అసలుది అలా ఉంది కాబట్టే నకిలీ కథ అంత సులువుగా అతుక్కుంది. మీ పిల్లలకి చిల్లుకానీ చూపించండి. 1943 నుంచి 1947 దాకా, యుద్ధకాలపు కొరతలో లోహం ఆదా చేయడానికి మధ్యలో గుండ్రటి చిల్లు పెట్టి ముద్రించిన కానీ అది. మీ అమ్మగారి వయసు వాళ్ళు అది చూడగానే పావలా, బేడ, అణా లెక్కలు మొదలుపెడతారు. మాస్టారు చెప్పేదానికంటే అక్కడ మీ అమ్మగారి మాటే ఎక్కువ వినండి. అసలు ఇలాంటి ఇంటికి పెద్దవాళ్ళని తీసుకెళ్ళడంలో ఉన్న లాభమే అది.

ఎప్పుడూ వస్తువుకంటే కథే గొప్పగా ఉంటుందని అనుకోకండి. ఒకచోట తలుపు జారిపోకుండా అడ్డం పెట్టిన రాయి ఉంది. బూడిద రంగు సున్నపురాయి, దాని నిండా మెలితిరిగిన చిన్న చిన్న గవ్వలు, నత్తగుల్లలు. రాక్షసుడు నత్తలు తిని ఊసేసిన రాయి అని పిల్లలకి చెబుతుంటారు. అసలు సంగతి అంతకంటే వింత. రాజమండ్రి పక్క కాతేరులోను, అవతలి ఒడ్డున పంగిడి దగ్గర క్వారీల్లోను నల్లరాతి పొరల మధ్య ఇలాంటి రాయి దొరుకుతుంది. సుమారు ఆరున్నర కోట్ల ఏళ్ళ కిందట లావా పారి గడ్డకట్టింది, తర్వాత సముద్రం దాని మీదికి వచ్చింది, గవ్వలు పేరుకున్నాయి, మళ్ళీ లావా వచ్చి కప్పేసింది. రెండు లావాల నడుమ ఇరుక్కున్న సముద్రం ముక్క అది. తలుపుకి అడ్డం పెట్టారు. తీయించి బీరువాలో పెట్టించడానికి నాకు తల ప్రాణం తోకకొచ్చింది, ఎందుకంటే ఆ ఇంట్లో అంత బరువైన రాయి ఇంకోటి లేదు.

ఏ లేబులూ లేనిదాన్ని కూడా చూపించమని అడగండి. లంక గ్రామాల్లో, అంటే గోదావరి పాయల మధ్య దీవుల్లాంటి ఊళ్ళలో, ఇళ్ళ స్తంభం మీద, తలుపు చట్రం మీద బొగ్గుతోనో మేకుతోనో గీసిన గీతలు ఉంటాయి. అవి వరద గీతలు. 1986 ఆగస్టు వరద గీత అన్నిటికంటే పైన ఉంటుంది. అప్పుడు ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటింది. ఇంటివాళ్ళకి అది మ్యూజియం సరుకులా అనిపించదు, అందుకే చూపించరు, సున్నం వేసేటప్పుడు కప్పేస్తారు కూడా. మీ చిన్నవాణ్ణి ఆ గీత పక్కన నిలబెట్టి చూడండి. 1996 నవంబరు తుఫాను గురించి అడిగితే మాత్రం కథలు అక్కర్లేదు, కోనసీమలో ఆ వయసు వాళ్ళందరికీ ఆ రాత్రి ఏ చెట్టు ఎటు పడిందో గుర్తే.

రంగం పెట్టె, అంటే రంగూన్ నుంచి తెచ్చిన పెట్టె, ఉందా అని కూడా అడగండి. ఈ ప్రాంతం నుంచి రంగూన్‌కి పనికి వెళ్ళినవాళ్ళు ఎందరో. 1942లో జపాన్ దాడులప్పుడు చాలామంది కాలినడకన తిరిగొచ్చారు. అలాంటి టేకు పెట్టెలు ఈ ఇళ్ళలో ఉంటాయి. మూత తీసి లోపలివైపు చూడండి. అంటించిన కాగితం ముక్క, రంగుతో రాసిన పేరు, బర్మా అక్షరాలు ఉంటే ఆ పెట్టె తన కథ తనే చెబుతోందన్నమాట. ఏమీ లేకపోతే అది పక్క ఊరి వడ్రంగి చేసిన పెట్టె కూడా కావచ్చు. నడిచొచ్చినవాడు అంత బరువు పెట్టె ఎలా మోసుకొచ్చాడు అని అడిగితే మాత్రం కాస్త నవ్వుతూ అడగండి.

ఇక ప్రయాణం. అమలాపురం వెళ్ళే ముందు రోజు రాజమండ్రిలో ఆగండి. రాళ్ళబండి సుబ్బారావు ప్రభుత్వ మ్యూజియం చూడండి. 1922లో మొదలైన ఆంధ్రేతిహాస పరిశోధక మండలి సేకరించినవి ఇక్కడ ఉన్నాయి: రాగిరేకులు, శిల్పాలు, తాళపత్రాలు. చిన్నదే, పిల్లలు గంటలో బోరు అంటారు. అయినా ముందు అదే ఎందుకంటే, అక్కడ ప్రతి వస్తువుకీ ఒక నంబరు, ఎక్కడ దొరికిందన్న ఒక వాక్యం ఉంటాయి. ఆ వాక్యం అలవాటైన కళ్ళతో వెళ్తే, మర్నాడు మాస్టారి ఇంట్లో ఏ వస్తువుకి ఆ వాక్యం లేదో మీకే తెలుస్తుంది. టైముంటే దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీ కూడా చూడండి. 1925లో మశూచితో 28 ఏళ్ళు నిండకుండానే పోయిన మనిషి గీసిన బొమ్మలవి. అమ్మగారికి నచ్చుతాయి.

మర్నాడు పొద్దున్నే ధవళేశ్వరం కాటన్ మ్యూజియం. ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. దాని నమూనాలు, పాత యంత్రాలు ఉన్నాయి. నేను అక్కడికి పంపేది యంత్రాల కోసం కాదు, కాటన్ కోసం. పుట్టిన తేదీ, పోయిన తేదీ, రాసిన రిపోర్టులు అన్నీ కాగితం మీద ఉన్న ఇంజనీరు మన ఊళ్ళలో గుర్రమెక్కి విగ్రహమై పూలదండలు వేయించుకుంటున్నాడు, స్నాన సంకల్పంలో ఆయన్ని తలుచుకునే శ్లోకం కూడా ఉంది. మనిషి చుట్టూ జానపదం ఎలా అల్లుకుంటుందో కళ్ళముందే కనిపించే చోటు డెల్టాలో ఇంకోటి లేదు. అక్కణ్ణుంచి రావులపాలెం మీదుగా అమలాపురం. దారిలో ర్యాలి వైపు మళ్ళితే ముందు విష్ణువు, వెనక మోహిని ఒకే రాతిలో ఉన్న జగన్మోహినీ కేశవస్వామిని చూడొచ్చు.

మాస్టారి ఇంటికి వెళ్ళేటప్పుడు మర్యాదలు కొన్ని. ముందు రోజే ఫోన్ చేయండి. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగు దాకా వెళ్ళకండి, భోజనం, కునుకు టైము అది. టికెట్ ఎంత అని అడగొద్దు, బాధపడతారు. పళ్ళు తీసుకెళ్ళండి. వచ్చేటప్పుడు ఏమైనా ఇవ్వాలనిపిస్తే చెదల మందుకో, అద్దాల బీరువాకో అని చెప్పి ఇస్తే తీసుకుంటారు. భోంచేసి వెళ్ళండి అంటారు, రెండోసారి కూడా అంటే నిజంగానే అన్నట్టు. ఇత్తడి మీద వేళ్ళు పెడితే మచ్చ పడుతుంది, పిల్లలకి ముందే చెప్పండి. తిరగలి, వామనగుంటల పీట మాత్రం వాళ్ళకి వదిలేయమని ఆయన్నే అడగండి. తోలుబొమ్మ ఉంటే బీరువాలో చూసి ఊరుకోకుండా కిటికీ వెలుగుకి ఎదురుగా పట్టుకోమనండి. నగల కోసం పొడిచిన చిల్లుల్లోంచి వెలుగు వస్తేగానీ అది బొమ్మ అనిపించదు. అది నచ్చితే కాకినాడ పక్క మాధవపట్నంలో ఆ బొమ్మలాడించే కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి.

ప్రశ్న ఎలా అడగాలన్నది కూడా ముఖ్యం. "ఇది ఎన్నేళ్ళ నాటిదండి?" అంటే ప్రతిదీ మూడొందల ఏళ్ళ నాటిదే అవుతుంది. "ఇది ఎవరింటి నుంచి వచ్చిందండి? వాళ్ళు దీంతో ఏం చేసేవారు?" అని అడగండి. అప్పుడు కథ ఆగి జ్ఞాపకం మొదలవుతుంది.

ఇవి మాత్రం గట్టిగా చెబుతున్నాను. పాత రాగిచెంబు ఫొటో తీసి ఎక్కడా పోస్ట్ చేయకండి. బియ్యాన్ని లాగే చెంబు, ఇరిడియం, కోట్ల రూపాయలు అంటూ తిరిగే రైస్ పుల్లింగ్ ముఠాలు ఈ జిల్లాల్లో చాలామందిని ముంచాయి. బియ్యాన్ని లాగే రాగి లేదు. ఇంటి అడ్రసు బయటపడితే మాస్టారికి ఫోన్ల టెన్షన్, ఆపైన దొంగల భయం. అలాగే జింక కొమ్ములు, పులిగోళ్ళు కనిపిస్తే ఫొటో వద్దు, కొంటాననే మాట అసలే వద్దు. 1972 వన్యప్రాణి చట్టం కింద అవి అమ్మినా కొన్నా కేసే.

ఎప్పుడు రావాలంటే, సంక్రాంతికి ఈ పెద్దమనుషులు ఎవరూ తీరిగ్గా ఉండరు. కానీ కనుమ నాడు మొసలపల్లి దగ్గర జగ్గన్నతోటలో పదకొండు ఊళ్ళ రుద్రులు ప్రభల మీద, అంటే అలంకరించిన ఎత్తయిన వెదురు చట్రాల మీద, వచ్చి కలుసుకునే తీర్థం ఉంటుంది. పచ్చటి చేలల్లోంచి, కౌశిక కాలవ నీళ్ళల్లోంచి ప్రభల్ని భుజాల మీద దాటిస్తారు, తొక్కించుకున్న చేను రైతు సంబరపడతాడు. అది చూడాలంటే మ్యూజియం ఆశ వదిలేసి రండి. వరదల నెలల్లో లంకల వైపు వద్దు. మే నెల గురించి హైదరాబాద్ వాళ్ళకి చెప్పినా అర్థం కాదు, ఇక్కడి ఉక్కపోత వేరు. నవంబరు తుఫాన్లు దాటాక, డిసెంబరు మంచిది.

ఇప్పుడు మీ తాళపత్రాలు. ముందు వంటనూనె రాయకండి, టేపు అంటించకండి, లామినేషన్ మాట ఎత్తకండి. తాడు బిగుసుకుపోయి ఉంటే లాగకండి. అక్షరాలు కనిపించకపోతే చెరిగిపోయాయని అనుకోవద్దు. గంటంతో గీసిన గాట్లలో మసి రాలిపోయి ఉంటుంది, ఆకుని వెలుతురుకి ఏటవాలుగా పట్టుకుంటే గాట్లు కనిపిస్తాయి. రెండు చెక్కల మధ్య పెట్టి నూలు గుడ్డలో చుట్టి, చెమ్మ లేనిచోట ఉంచండి.

ఇంటి మ్యూజియంలో వీటికి చెదల నుంచి, వానాకాలపు చెమ్మ నుంచి రక్షణ ఉండదు, మాస్టారు ఎంత మంచివారైనా సరే. ఆయన తర్వాత ఆ ఇంటి సంగతేమిటో ఆయన పిల్లల్ని అడిగితే మీకే అర్థమవుతుంది. రాజమండ్రిలో గౌతమీ గ్రంథాలయం, కాకినాడలో ఆంధ్ర సాహిత్య పరిషత్తు మ్యూజియం తాళపత్రాలు చూసిన చోట్లు. ముందు అక్కడ చూపించి అందులో ఏముందో చదివించుకోండి. జాతకాలో, వైద్యమో, అప్పుల లెక్కలో తెలిశాక ఇవ్వాలో ఉంచుకోవాలో మీ ఇష్టం. 1972 పురావస్తు చట్టం ప్రకారం రాతప్రతులైతే 75 ఏళ్ళు, మిగతావైతే 100 ఏళ్ళు దాటితే పురావస్తువుల కిందికి వస్తాయి. వాటిలో విగ్రహాలు, పాత చిత్రాలు, బొమ్మలు గీసిన రాతప్రతులు, శిల్పపు పని ఉన్న కలప నమోదు చేయించాలి. నమోదు అక్కర్లేనివైనా సరే, పురావస్తువుల్ని దేశం దాటించకూడదు. దొడ్లో తవ్వుతుంటే బయటపడిన బిందె, నాణేలు వంటివైతే దొరికినంత మాత్రాన మీవైపోవు. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం కలెక్టరుకి చెప్పాలి.

ఇత్తడి సామాను, తిరగలి, పీటలు మాత్రం మాస్టారికి నిరభ్యంతరంగా ఇవ్వండి. కాకపోతే ప్రతి వస్తువుకీ ఒక కాగితం రాయండి: ఏ ఊరు, ఎవరిల్లు, ఎవరు వాడేవారు, ఎప్పటిదాకా వాడారు, ఈ సంగతి మీకు ఎవరు చెప్పారు. అమ్మగారు చెబుతుంటే మీరు రాయండి, కింద తేదీ వేసి ఆవిడ చేత సంతకం పెట్టించండి. ఒక కాపీ మీ దగ్గర ఉంచుకోండి. తిరగలి ఇచ్చేటట్టయితే రెండు రాళ్ళూ, పిడితో సహా ఇవ్వండి. పై రాయి లేని తిరగళ్ళు ఆయన అరుగు నిండా ఇప్పటికే ఉంటాయి.